హాస్టల్లో ఉండడం, హాస్టల్‌ను నడపడం

(విశాఖపట్నంలో మొదటి సంవత్సరం విద్యార్థుల పరిచయ సభలో ఒక విశ్రాంత వార్డెన్ చేసిన ప్రసంగ పాఠం)

అధ్యక్షులకు, వేదిక మీద ఉన్న పెద్దలకు, తోటి అధ్యాపకులకు, వంటశాల సిబ్బందికి, పెట్టెలతో, సంచులతో ఈ ఊళ్లో కొత్తగా దిగిన మొదటి సంవత్సరం విద్యార్థినీ విద్యార్థులకు నమస్కారం.

క్యాంపస్ జీవితంలో పాలుపంచుకోవడం గురించి నన్ను మాట్లాడమన్నారు. ఈ అంశం మీద మాట్లాడేవాళ్లు సాధారణంగా పోటీల్లో పాల్గొనండి, క్లబ్బుల్లో చేరండి, స్నేహితుల్ని సంపాదించుకోండి అని చెప్పి కూర్చుంటారు. అవన్నీ మంచి మాటలే కానీ ఎవరూ చెప్పకపోయినా మీరు చేసేవే. నేను చెప్పదలచుకున్నది ఇంకా చిన్న విషయం. మొదటి సెమిస్టరు ముగిసేలోగా హాస్టల్లో పదిమందికి పనికొచ్చే పని, మీరు చేయకపోతే ఆ పూటకు ఆగిపోయే పని ఏదో ఒకటి మీ మీద వేసుకోండి. అది వార్తాపత్రికలు తెప్పించి చదువుకునే గదిలో పెట్టడం కావచ్చు, నీళ్ల మోటారు చెడిపోతే మెకానిక్ వచ్చేదాకా వెంటపడడం కావచ్చు, మెస్ లెక్కలు రాయడం కావచ్చు. సంబరాల్లో కలిసి గంతులు వేసినవాళ్ల పేర్లు సంబరం అయ్యాక గుర్తుండవు. పని పంచుకున్నవాళ్ల మధ్య మాత్రం పరిచయం దానంతట అదే పెరుగుతుంది. ఎన్నో ఏళ్లు వార్డెన్‌గా పనిచేసి నేను గట్టిగా నమ్ముతున్న మాట ఇది ఒక్కటే కాబట్టి, మిగిలిన సమయమంతా దీని చుట్టూనే తిరుగుతాను.

మీలో చాలామందికి హాస్టలు కొత్త కాదు. పదో తరగతి ఫలితాలు రాగానే పిల్లల్ని రెసిడెన్షియల్ జూనియర్ కాలేజీలో చేర్చడం మన రాష్ట్రంలో ఆచారంగా స్థిరపడిపోయింది కాబట్టి, పదిహేనేళ్లకే ట్రంకుపెట్టె, దుప్పటి, ఆవకాయ డబ్బా పట్టుకొని ఇల్లు విడిచినవాళ్లు ఈ హాలులో చాలామందే ఉంటారు. కానీ ఆ రెండేళ్లు మీరున్నది మంచాలు వేసిన స్టడీ హాలులో అంటే మీరు కాదనరనుకుంటాను. తెల్లవారకముందే గంట, గంట మోగగానే స్టడీ అవర్, వారం చివర పరీక్ష, ఎప్పుడో ఒకసారి ఔటింగు, ఇంటికి ఫోను చేయాలంటే వరుసలో నిలబడడం. కూర బాగాలేకపోతే మీ చేతిలో ఉన్న దారి ఒక్కటే, ఔటింగు రోజున వచ్చిన నాన్నగారితో చెప్పుకోవడం. ఆయన వెళ్లి ఇన్‌ఛార్జిని నిలదీస్తే ఓ రెండు పూటలు సాంబారులో ముక్కలు కనబడేవి, ఆ తరువాత మళ్లీ మామూలే. తప్పు మీది కాదు. అక్కడ మీకు మాట్లాడే చోటే లేదు. చిక్కేమిటంటే, ఆ అలవాటే పెట్టెతోపాటు ఇక్కడికీ వస్తుంది. గదిలో ఫ్యాను తిరగకపోతే శ్రీకాకుళంలో ఉన్న తండ్రికి ఫోను వెళుతుంది, ఆయన వార్డెనుకు చేస్తాడు, వార్డెను కేర్‌టేకరుకు చేస్తాడు, ఆ కేర్‌టేకరు మీ గదికి నాలుగు గదుల అవతలే కూర్చుని ఉంటాడు. ఫ్యాను విషయం నేరుగా ఆయన దగ్గరికి వెళ్లి చెప్పి, ఫిర్యాదుల పుస్తకంలో తేదీ వేసి రాసి, మర్నాడు మళ్లీ వెళ్లి అడిగిన విద్యార్థికి హాస్టలు ఎలా నడుస్తుందో కొంతైనా తెలిసినట్టే.

ఇక మెస్ సంగతి. ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే హాస్టల్ వ్యవహారాల్లో సగం గొడవలు మెస్‌లోనే పుడతాయి, నేర్చుకోవలసినదాంట్లో సగానికి పైగా అక్కడే ఉంది. మన విశ్వవిద్యాలయ హాస్టళ్లలో ఎన్నో ఏళ్లుగా ఉన్నది డివైడింగ్ పద్ధతి. కాంట్రాక్టరు నెలకు ఇంత అని నిర్ణయించి వసూలు చేసే మెస్ వేరు, ఇది వేరు. ఇందులో నెలంతా అయిన ఖర్చును, అంటే బియ్యం, పప్పు, నూనె, కూరగాయలు, పాలు, గ్యాసు, ఇంకా ఆ హాస్టలు నియమాన్ని బట్టి వంటవాళ్ల జీతాలు, అన్నిటినీ కలిపి, ఆ నెలలో విద్యార్థులందరూ హాజరైన మొత్తం రోజులతో భాగిస్తారు. వచ్చినది రోజువారీ రేటు. దాన్ని ఎవరి హాజరుతో వారికి గుణిస్తే ఎవరి బిల్లు వారికి వస్తుంది. లాభం లేదు, నష్టం లేదు.

ఉదాహరణకు ఒక హాస్టల్లో 200 మంది ఉన్నారనుకుందాం. నెలకు 30 రోజులు కాబట్టి అందరూ ఉంటే 6,000 హాజరు రోజులు. ఇళ్లకు వెళ్లినవాళ్లు ముందుగా రాసిచ్చి తీసుకున్న మెస్ కట్లు, అంటే బిల్లు పడని రోజులు, 600 పోతే 5,400 మిగులుతాయి. నెల ఖర్చు 5,40,000 రూపాయలైతే రోజు రేటు 100. ఇరవై ఆరు రోజులు ఉన్న విద్యార్థి 2,600 కడతాడు. ఇంతవరకు అయిదో తరగతి లెక్కే. ఇప్పుడు అసలు సంగతి చూడండి. సాయంత్రం బీచ్ రోడ్డుకు షికారు వెళ్లి, అక్కడే ఏదో తినేసి, మెస్‌లో చెప్పకుండా ఊరుకునేవాళ్లు రోజుకు నలభై మంది అనుకుందాం. వాళ్ల కోసం తలకు 150 గ్రాముల చొప్పున వండిన 6 కిలోల బియ్యం అన్నమై, ఆ రాత్రే చెత్తకుండీలో పడుతుంది. కిలో 50 రూపాయలు వేసుకున్నా రోజుకు 300, నెలకు 9,000. ఇది బియ్యం ఒక్కటే. కూర, పప్పు, గ్యాసు కలపలేదు. ఈ డబ్బు ఎవరి జేబులోంచి పోతుందో ఆలోచించండి. ప్రభుత్వం ఇచ్చే వసతి సాయం మీద, స్కాలర్‌షిప్పు మీద ఆధారపడి చదువుకుంటూ, బీచ్‌లో ఒక ప్లేటు మురీ మిక్చరు కొనడానికి కూడా వెనకాడే విద్యార్థి బిల్లులోనూ అందులో వాటా ఉంటుంది. బయట తినవద్దని నేననను. మధ్యాహ్నం మూడు గంటలలోపు రాత్రికి రావడంలేదని ఒక్క మాట రాసిపెట్టమంటాను. ఆ పుస్తకం ఒకటి పెట్టించి, దాన్ని రోజూ వంట మాస్టరుకు చూపించే పని మొదటి సంవత్సరం విద్యార్థి ఎవరైనా చేయవచ్చు. అనుభవం అక్కరలేదు, ఎవరి అనుమతీ అక్కరలేదు.

మెస్ కమిటీలో చేరినవాళ్లకు స్టోర్ రూమ్ తాళం వంతుల ప్రకారం చేతికి వస్తుంది. తెల్లవారుజామున అయిదు గంటలకు తాళం తీసి, కాటా మీద కందిపప్పు తూచి, స్టాక్ రిజిస్టరులో నిన్నటి నిల్వ, ఈ రోజు వచ్చినది, ఇచ్చినది, మిగిలినది అని నాలుగు గడులూ నింపి సంతకం పెట్టాలి. మొదటి రోజు మీరు కాటా వైపు చూస్తుంటారు, మాస్టరు చూపు మాత్రం గింజ మీద ఉంటుంది. రెండు గింజలు పంటికింద పెట్టి కొరికి, "ఇది పాత పప్పు బాబూ, తొందరగా ఉడకదు, రాత్రే నానబెట్టుకోవాలిసింది" అంటాడు. పప్పు ఉడకకపోతే గ్యాసు ఎక్కువ కాలుతుంది, టిఫిను వేళ దాటిపోతుంది, ఎనిమిదింటి క్లాసుకు వెళ్లేవాళ్లు ఖాళీ కడుపుతో వెళతారు. ఆ ఒక్క గింజ కొరకడం వెనక ఇంత కథ ఉంది. తరువాతి వారం పూర్ణా మార్కెట్‌కు సరుకులకు వెళ్లినప్పుడు మీరే బస్తాలో చెయ్యిపెట్టి నాలుగు గింజలు తీసి కొరుకుతారు. షాపతను మీ వైపు చూసే తీరు ఆ రోజు నుంచి మారుతుంది. ఎం.వి.పి. కాలనీ రైతుబజారులో ధరల బోర్డు చదివి, అదే రోజు మీ మెస్‌కు వచ్చిన కూరగాయల బిల్లు పక్కన పెట్టి చూడడం మరో మంచి వ్యాయామం. రెంటికీ మధ్య తేడా మరీ ఎక్కువగా ఉంటే అరవనక్కరలేదు. నెలాఖరు సమావేశంలో రెండు కాగితాలూ బల్ల మీద పెట్టి, సమాధానం వచ్చేదాకా కూర్చుంటే చాలు.

ఇదంతా సీనియర్ల పని కదా, మమ్మల్ని రానిస్తారా అని మీరడగవచ్చు. ఈ అనుమానం సహజమే, కాని నిబంధనలు మీవైపే ఉన్నాయి. ర్యాగింగ్ నిరోధానికి యూజీసీ, అంటే విశ్వవిద్యాలయాల నిధుల సంఘం, 2009లో తెచ్చిన నిబంధనలు మీరంతా చేరేటప్పుడు అఫిడవిట్ మీద సంతకం పెట్టడం వరకే చూసి ఉంటారు. అందులో కొత్త విద్యార్థులకు పనికొచ్చే ఏర్పాట్లు ఇంకా ఉన్నాయి. ప్రతి సంస్థలోనూ ఉండవలసిన ర్యాగింగ్ నిరోధక కమిటీలో సీనియర్లతోపాటు మొదటి సంవత్సరం విద్యార్థుల ప్రతినిధులు కూడా ఉండాలి. ఆరుగురు కొత్త విద్యార్థులకు ఒక మార్గదర్శి చొప్పున సీనియర్లను కేటాయించాలి. అధ్యాపకులు హాస్టల్లో విద్యార్థులతో కలిసి భోజనం చేయాలని కూడా అందులో ఉంది. ఈ చివరి నియమం చాలాచోట్ల కాగితం మీదే మిగిలింది, అధ్యాపకుడిగా ఆ మాట చెప్పడానికి నాకు మొహమాటం లేదు. మీ విభాగాధిపతిని మీరే వెళ్లి ఒక రాత్రి భోజనానికి పిలవండి. పిలిస్తే కాదనేవాళ్లు తక్కువ. అలాగే లైంగిక వేధింపుల ఫిర్యాదులు విచారించే అంతర్గత కమిటీలో, విద్యార్థులకు సంబంధించిన విషయమైతే, విద్యార్థులే ఎన్నుకున్న ప్రతినిధులు ఉండాలని 2015 నాటి యూజీసీ నిబంధనలు చెబుతున్నాయి. మన రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో విద్యార్థి సంఘ ఎన్నికలు దశాబ్దాలుగా లేవు కాబట్టి, ఓటు అడగడం, ఓడిపోవడం, గెలిస్తే జవాబు చెప్పుకోవడం అనే మూడు అనుభవాలు మీకు ఇటువంటి చిన్న కమిటీల్లోనే దొరుకుతాయి.

ర్యాగింగ్ గురించి వేరుగా రెండు మాటలు చెప్పాలి. ఈ మధ్య సీనియర్లు దానికి ఇంటరాక్షన్ అని పేరు మార్చారు. పేరు ఏదైనా, 1997 నాటి ఆంధ్రప్రదేశ్ ర్యాగింగ్ నిషేధ చట్టం ప్రకారం విద్యార్థికి అవమానం, చిరాకు, భయం, బెదిరింపు కలిగించేది, కలిగించే అవకాశం ఉన్నది కూడా ర్యాగింగే. ఏడిపించడం, కించపరచడం వంటివాటికే ఆరు నెలల వరకు జైలు శిక్ష ఉంది, గాయపరచడం వంటివాటికి అది ఏళ్లకు పెరుగుతుంది. జాతీయ హెల్ప్‌లైన్ 1800-180-5522 అన్ని వేళలా పనిచేస్తుంది. నంబరు ఇప్పుడే రాసుకోండి. అయితే సీనియరు పలకరించిన ప్రతిసారీ భయపడి తలుపు వేసుకునేవాళ్లకు కూడా ఒక మాట. పగటిపూట, పదిమందీ ఉన్నచోట, మీ ఊరేదని, ఏ గ్రూపని అడగడం పరిచయం. అర్ధరాత్రి గదికి పిలిచి, ఫోను బయట పెట్టి రమ్మంటే అది పరిచయం కాదు. ఎక్కడికి వెళ్లాలో, ఎక్కడికి వెళ్లకూడదో తేల్చుకోవడానికి చాలాసార్లు ఈ మాత్రం గుర్తు చాలు.

ఇంతకంటే మెత్తగా జరిగే ర్యాగింగ్ ఒకటి ఉంది. దాన్ని ఏ కమిటీ పట్టుకోలేదు, దాన్ని చేసేవాళ్లు తరచుగా మీ తోటి మొదటి సంవత్సరం విద్యార్థులే. అది యాసను వెక్కిరించడం. ఆంధ్ర విశ్వవిద్యాలయం 1926లో బెజవాడలో మొదలై 1930లో వాల్తేరుకు వచ్చిన నాటినుంచి ఈ ఊరికి చుట్టుపక్కల జిల్లాల పిల్లలు తరతరాలుగా చదువుకు వస్తున్నారు. పలాస నుంచి, పార్వతీపురం నుంచి, పాడేరు ఏజెన్సీ నుంచి వచ్చిన పిల్లవాడు మెస్‌లో "ఏటి కూర?" అనగానే పక్క బల్ల మీద నవ్వు మొదలవుతుంది. ఆ నవ్వు రెండుసార్లు విన్న పిల్లవాడు మూడోసారి అడగడు. తరగతిలో అడగడు, కమిటీ సమావేశంలో లేవడు, గదిలో ఫోను పెట్టుకొని పడుకుంటాడు. అతను సిగ్గరి అని మనం పేరు పెడతాం. మనం ఈ రోజు పత్రికల్లో, పుస్తకాల్లో రాస్తున్న వాడుక తెలుగు కోసం పోరాడిన గిడుగు రామమూర్తి శ్రీకాకుళం దగ్గరి పర్వతాలపేటలో పుట్టినవారని, పర్లాకిమిడిలో పనిచేస్తూ సవరలనే గిరిజనుల భాష నేర్చుకొని దానికి నిఘంటువు, వ్యాకరణం రాశారని ఆ నవ్వేవాళ్లకు తెలియదు. ఒక పండితుడు అడవి దారి పట్టి నేర్చుకున్న భాషను మాట్లాడేవాళ్ల పిల్లలు ఇవాళ మీ రూమ్‌మేట్లుగా రావచ్చు. కాబట్టి నోటీసు బోర్డు కమిటీ వేసుకున్నా, సాంస్కృతిక కమిటీ వేసుకున్నా, గోదావరి మాట, ఉత్తరాంధ్ర మాట, ఏజెన్సీ మాట వినబడే కార్యక్రమం ఒకటి పెట్టండి. అందులో మైకు ముందుగా ఎవరికి ఇవ్వాలో మీకు తెలుసు.

హాస్టల్లో పనులు తెలిసినవాళ్లు ఉంటే ఏమవుతుందో ఈ ఊరు 2014 అక్టోబరు 12న చూసింది. హుద్‌హుద్ తుఫాను నేరుగా విశాఖ మీదే తీరం దాటిన రోజు అది. మీరప్పటికి చిన్నపిల్లలు, ఈ ఊరివాళ్లయితే కిటికీ రెక్కలు కొట్టుకున్న చప్పుడు గుర్తుండవచ్చు. చెట్లు కూకటివేళ్లతో పడిపోయాయి, కరెంటు పోయింది, మోటార్లు ఆగాయి, ఫోన్లు మూగబోయాయి. హాస్టల్లో కొత్తగా చేరిన పిల్లల తల్లిదండ్రులకు కబురు పంపే దారి లేదు. ఆ రోజుల్లో నాకు ఆసరాగా నిలిచినవాళ్లు పెద్ద ఉపన్యాసాలు ఇచ్చే విద్యార్థులు కారు, క్రీడల్లో కప్పులు తెచ్చినవాళ్లు కారు. స్టోర్‌లో ఎన్ని బస్తాల బియ్యం ఉందో రిజిస్టరు చూడకుండా చెప్పగలిగిన మెస్ కమిటీ పిల్లలు, పాత బావి ఎటువైపు ఉందో తెలిసిన తోటపని కమిటీ పిల్లలు, ఏ గదిలో ఎవరికి ఆస్తమా ఉందో తెలిసిన మొదటి అంతస్తు ప్రతినిధి. పడిపోయిన కొమ్మలు నరికి పొయ్యి వెలిగించారు, బకెట్లు చేతులు మార్చుకుంటూ మేడ మీదికి నీళ్లు చేర్చారు, అన్నం ఒక్క పూటకు కుదించి అందరికీ సమానంగా పెట్టారు. గిన్నెలు కడిగే వంతుల పట్టికలో మూడో సంవత్సరం, మొదటి సంవత్సరం అనే తేడా కనబడలేదు. అలా వంతు వేసుకున్నవాళ్లలో చాలామంది ఇప్పటికీ ఒకరి ఇంటి పెళ్లికి ఒకరు వెళుతుంటారు.

చదువు పాడవుతుందేమోనన్న భయం తల్లిదండ్రులకు ఉంటుంది, కాదనలేం. వారానికి నాలుగైదు గంటలు మించి సమయం తినే పదవి ఏదైనా మొదటి సంవత్సరంలో తీసుకోవద్దు. పండుగల నిర్వాహక బాధ్యత, చందాల వసూలు, బయటి సంఘాల జెండా మోయడం లాంటివి రెండో ఏడాదికి వాయిదా వేసుకోండి. అటువంటి పిలుపు వస్తే "ఇప్పుడే కాదన్నా" అనే మాట నేర్చుకోండి. రోజుకు అరగంట పట్టే పని, తేదీ వేసి లెక్క రాయగలిగే పని మీకు సరిపోతుంది. అమ్మాయిల హాస్టళ్లలో గేటు వేసే వేళ తొందరగా ఉంటుంది కాబట్టి, గ్రంథాలయంలో ఉన్నవాళ్లు ఎనిమిది దాటి రావడానికి రిజిస్టరు పద్ధతి పెట్టించడం లాంటి పనికి కొత్తవాళ్లే ముందుపడితే మంచిది. నాలుగేళ్లూ దాని ఫలితం అనుభవించేది వాళ్లే కదా.

శని, ఆదివారాలు చూడండి. విజయనగరం, శ్రీకాకుళం, అనకాపల్లి పిల్లలు శుక్రవారం సాయంత్రం సంచి సర్దుకొని ద్వారకా బస్‌స్టేషనుకో, మద్దిలపాలెం కాంప్లెక్సుకో పరుగెడతారు. అమ్మ చేతి కూర మీద నాకు ఏ కోపమూ లేదు. కాని హాస్టల్ సమావేశాలు, శుభ్రత కార్యక్రమాలు, క్రికెట్ ఆటలు అన్నీ ఆదివారాలకే పెడతారు. ప్రతి వారం వెళ్లే విద్యార్థి నెలలు గడిచినా పక్క గదివాళ్ల పేర్లు తెలియకుండా ఉండిపోతాడు, పైగా మెస్ కట్‌కు కావలసినన్ని రోజులు వరుసగా బయట ఉండడు కాబట్టి తినని అన్నానికి డబ్బు కూడా కడతాడు. మొదటి రెండు నెలలు వారం విడిచి వారం వెళ్లమని తల్లిదండ్రులే చెప్పాలి. ఈ సభకు వచ్చిన అమ్మలూ నాన్నలూ, పిల్లవాడు రాని ఆదివారం మీరే ఒకసారి వచ్చి మెస్‌లో వాళ్లతోపాటు భోజనం చేయండి, వాళ్లు లెక్కలు రాసే పుస్తకం చూపించమని అడగండి.

చివరి విషయం సీనియర్లకు. కౌన్సెలింగు ఒక్క విడతలో అయిపోదు. మొదటి విడతలో సీటు వచ్చినవాళ్లు పరుపు పరుచుకొని, స్నేహాలు కట్టుకొని, కమిటీల్లో పేర్లు ఇచ్చేసిన తరువాత చివరి విడతవాళ్లు, స్పాట్ అడ్మిషన్లవాళ్లు వస్తారు. వాళ్లకు మిగిలేది తలుపు సరిగా పడని గది, కిటికీకి దూరంగా ఉన్న మంచం, అప్పటికే ముగిసిన పరిచయ సభ. వాళ్లలో చాలామంది ఆర్థికంగానో, మరో విధంగానో ఇబ్బందిపడి ఆలస్యంగా తేలినవాళ్లు. అందుకని మెస్ కమిటీలోనూ, అంతస్తు ప్రతినిధుల్లోనూ మొదటి సంవత్సరానికి కేటాయించిన స్థానాలన్నీ ఇప్పుడే నింపవద్దు. రెండు ఖాళీగా ఉంచండి, ఆఖరి కౌన్సెలింగు అయిన తరువాతి ఆదివారం మళ్లీ ఒక సమావేశం పెట్టండి, ఆలస్యంగా వచ్చినవాళ్ల గది తలుపు తట్టి మీరే పిలవండి. ఆ తేదీ నోటీసు బోర్డు మీద ఈ సాయంత్రమే వేయమని హాస్టల్ కార్యదర్శులను కోరుతూ, ప్రశ్నలుంటే అడగమని ఆహ్వానిస్తున్నాను.